సింఫనీ ఆర్కెస్ట్రాతో మన ఊరి క్వయర్: 14 వారాల్లో ఎలా సిద్ధం కావాలి

మన దగ్గర కలిసి పాడేవాళ్ళకు కొదవ లేదు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో అడుగుపెట్టింది. అక్కడి చర్చీల్లో కుటుంబాలకు కుటుంబాలే తరతరాలుగా క్వయర్‌లో నిలబడుతున్నాయి. విజయవాడలో 1948 డిసెంబరు 1న రేడియో కేంద్రం మొదలైంది. ఆ రేడియోలో లలిత గీతాలు, బృందగానాలు వింటూ పెరిగినవాళ్ళు ఇప్పటికీ పాడగలిగే వయసులోనే ఉన్నారు. ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత కళాశాలలో నేర్చుకున్నవాళ్ళున్నారు, సాయంత్రాలు గుళ్ళలో అన్నమయ్య కీర్తనలు పాడే మహిళా బృందాలున్నాయి. వీళ్ళందరినీ ఒకచోట చేర్చి 72 మందితో క్వయర్ కట్టడం పెద్ద కష్టం కాదు. ఆర్కెస్ట్రా వచ్చి ముందు కూర్చున్నాకే కష్టం మొదలవుతుంది.

మనం చెవితో పాడతాం. హార్మోనియం ముందు నడుస్తుంది, గొంతు దాని చెయ్యి పట్టుకుని వెంట నడుస్తుంది. తబలా దెబ్బ వినబడ్డాక అడుగు వేస్తాం. సింఫనీ ఆర్కెస్ట్రాలో ఈ అలవాటే కొంప ముంచుతుంది. అక్కడ పాట ముందు కండక్టర్ (ఎదురుగా నిలబడి చేతి సైగలతో అందరినీ నడిపించే మనిషి) చేతిలో పుడుతుంది, శబ్దం తరవాత వస్తుంది. శబ్దం విని ఎత్తుకున్నవాళ్ళు అప్పటికే వెనకబడి ఉంటారు. అందుకే చెవితో నేర్చుకున్న పాటను కంటితో పాడటం అలవాటు చేయడానికే ఈ 14 వారాల్లో దాదాపు సగం పోతుంది. స్వరాలు నోటికి రావడానికి మిగతా వారాలు చాలు.

తేదీ ఎప్పుడు పెట్టాలి

ఏప్రిల్, మే నెలలు వద్దు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్ళింపులుంటాయి, వాయిద్యాలతో వచ్చే వ్యాను ఊళ్ళోకి రావడమే గగనం. డిసెంబరులో చర్చి గాయకులంతా క్రిస్మస్ కేరల్స్‌లో ఉంటారు, గొంతులు అలిసిపోయి ఉంటాయి. సంక్రాంతికి సగం మంది ఊళ్ళకు వెళ్తారు. మార్చిలో ఇంటర్ పరీక్షలు. మిగిలేవి నవంబరు మూడో వారం చుట్టూ కొన్ని రోజులు, ఫిబ్రవరి మొదటి సగం. కార్తీకం, మాఘం రెండూ పెళ్ళిళ్ళ కాలమే కాబట్టి ముహూర్తాలున్న రోజుల్లో టెంట్ హౌస్ సామాను, సౌండ్ బాక్సులు దొరకవు. హాలు మాట్లాడే ముందు పంచాంగం చూడండి.

విజయవాడ, గుంటూరు రెండు చోట్లా గాయకులుంటే వారం మధ్యలో ఎవరి ఊళ్ళో వాళ్ళు సాధన చేసి, ఆదివారం సాయంత్రం మంగళగిరిలో కలవడం అందరికీ వీలు. రాత్రి 8 దాటితే హాజరు పడిపోతుంది.

ఏ పాట తీసుకోవాలి

తొలిసారి గంటసేపు సాగే రచన జోలికి పోవద్దు. మొత్తం 12 నుంచి 15 నిమిషాలకు మించి కోరస్ అక్కర్లేదు, మిగతా కచేరీ ఆర్కెస్ట్రా వాయిస్తుంది. మొదటి ప్రయత్నానికి ఈ రెండూ బాగా కుదురుతాయి.

ఒకటి, పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ 1791 జూన్‌లో రాసిన లాటిన్ భక్తిగీతం ఆవే వేరుం కోర్పుస్. మొత్తం 46 బార్లే (బార్ అంటే తాళం లెక్కల్లో ఒక విడత), సుమారు 3 నిమిషాలు. వయొలిన్ కుటుంబం (చిన్నా పెద్దా కమాను వాయిద్యాలు), ఆర్గన్ ఉంటే సరిపోతుంది. ఆర్గన్ లేకపోతే మంచి కీబోర్డు చాలు. నెమ్మదిగా, తగ్గు గొంతుతో పాడాలి కాబట్టి చూడటానికి సులువుగా ఉంటుంది. క్వయర్ శ్రుతి నిలుపుకోగలదా లేదా అన్నది మాత్రం ఇక్కడే బయటపడుతుంది.

రెండు, హాండెల్ స్వరపరచిన మెస్సయ్య అనే పెద్ద రచన నుంచి హాలెలూయా కోరస్. మెస్సయ్య మొదటిసారి 1742లో డబ్లిన్‌లో పాడారు. ఈ కోరస్ 4 నిమిషాలు. వయొలిన్ కుటుంబానికి తోడు రెండు ట్రంపెట్లు, టింపనీ (గిన్నె ఆకారపు పెద్ద ఢంకాలు) కావాలి. మన చర్చీల్లో చాలామందికి ఇది ఇంగ్లిషులోనో తెలుగులోనో కంఠతా వచ్చు. చిక్కు కూడా దానివల్లే. ఏళ్ళ తరబడి కీబోర్డుతో పాడిన పాత తప్పులు నోట్లో ఇంకిపోయి ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకంటే వీళ్ళతోనే ఎక్కువ ఓపిక కావాలి.

రెండూ డి మేజర్‌లో ఉన్నాయి. మన లెక్కలో రెండు శ్రుతి, శంకరాభరణం స్వరాలు. సంగీత కళాశాల పిల్లలకు ఈ ఒక్క మాట చెబితే సగం భయం పోతుంది. కాకపోతే గమకం మాత్రం పూర్తిగా పక్కన పెట్టాలి. గాంధారం దగ్గర ఏమాత్రం ఊగినా నాలుగు గొంతుల కూర్పు చెదిరిపోతుంది.

ఈ ఇద్దరు రచయితల సంగీతానికి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. కొత్త ప్రచురణ సంస్థల ముద్రణలకు మాత్రం హక్కులుండవచ్చు. సినిమా పాటో, ఈ కాలపు కవి రాసిన గీతమో ఆర్కెస్ట్రాకు కూర్పించుకుంటే రచయిత, స్వరకర్త, మ్యూజిక్ కంపెనీల అనుమతి తీసుకోవాలి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ళ వరకూ హక్కు నిలుస్తుంది.

గొంతులు విడదీయడం

31 మంది ఆర్కెస్ట్రాకు 72 మంది క్వయర్ సరైన తూకం. ఆ 31 ఇలా వస్తారు: మొదటి వయొలిన్లు 8, రెండో వయొలిన్లు 6, వయోలాలు 4, చెల్లోలు 4, డబుల్ బేస్‌లు 2, ఓబోలు 2, బసూన్ 1, ట్రంపెట్లు 2, టింపనీ 1, కీబోర్డు 1. క్వయర్‌లో సోప్రానో (ఆడవాళ్ళ పై గొంతు) 22, ఆల్టో (ఆడవాళ్ళ కింది గొంతు) 20, టెనార్ (మగవాళ్ళ పై గొంతు) 14, బేస్ (మగవాళ్ళ కింది గొంతు) 16. ఆడవాళ్ళు ఎక్కువమంది వస్తారు, టెనార్లు దొరకరు. ఎక్కడైనా ఇదే వరస. టెనార్ల లోటు పూడ్చడానికి బేస్ వాళ్ళ చేత అరిపించకండి. బలమైన గొంతున్న నలుగురు ఆల్టోలను టెనార్ వరస పైకెక్కే చోట దానికి తోడివ్వడం మేలు.

ఎవరిని ఏ భాగంలో వేయాలో తేల్చడానికి వాళ్ళ శ్రుతి అడగండి. ఒకటి శ్రుతిలో పాడే మగవారికి మంద్ర పంచమం తేలిగ్గా మోగితే బేస్, తార పంచమం నొప్పి లేకుండా పలికితే టెనార్. ఆడవాళ్ళ దగ్గర లెక్క కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయికి తార పంచమం అంటే పాశ్చాత్య లెక్కలో మధ్య స్థాయికి పైనున్న డి-షార్ప్. మన కచేరీ పద్ధతిలో ఆమె దాదాపు అక్కడితో ఆగుతుంది. హాలెలూయాలో సోప్రానోలు మెట్టు మెట్టుగా డి, ఇ, ఎఫ్-షార్ప్, జి ఎక్కుతారు. ఆ జి ఆమె అలవాటు హద్దుకు పైన ఇంకో నాలుగు అర్ధస్వరాలు. గుండె గొంతుతో అక్కడికి ఎక్కితే కేక అవుతుంది, లేదా స్వరం పావు మెట్టు కిందనే నిలబడిపోతుంది. దొంగగొంతు అని మనవాళ్ళు చిన్నచూపు చూసే పలుచని గొంతునే ఇక్కడ సాధన చేయించాలి. రోజూ 10 నిమిషాలు, ‘ఊ’కారం మీద, పైనుంచి కిందికి జారుతూ. కిందినుంచి పైకి ఎక్కిస్తే బరువైన గొంతు వెంటబడి వస్తుంది. ఆరు వారాలకు తేడా స్పష్టంగా తెలుస్తుంది, అంతకంటే ముందు ఆశించవద్దు.

కాగితం

ఎక్కువ రిహార్సల్ సమయం మింగేసేది బార్ నంబర్లు. కండక్టర్ ‘34 నుంచి’ అంటారు. ఆర్కెస్ట్రా రెండు సెకన్లలో సిద్ధం. మన దగ్గర 72 మంది పేజీలు తిప్పుతూ పక్కవాళ్ళనడుగుతారు. అంతకంటే పెద్ద ప్రమాదం మీ ముద్రణ ఒకటి, వాళ్ళది వేరొకటి కావడం. అప్పుడు 34 ఇద్దరికీ ఒకటి కాదు. తేదీ ఖాయమైన రోజే కండక్టర్‌ను ఏ ముద్రణ వాడుతున్నారో అడిగి, అదే తెప్పించుకోండి. అది కుదరకపోతే వాళ్ళ బార్ నంబర్లను పెన్సిలుతో మీ ప్రతి మీద వేసి, దాన్నే జిరాక్స్ తీయించండి.

స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల పాశ్చాత్య లిపి) రానివాళ్ళకు మన స్వరలిపిలో రాసివ్వండి. షడ్జమం డి అని పైన రాసి, ఒక్కో బార్‌కు ఒక్కో గడి, గడి మూలలో నంబరు, కింద సాహిత్యం. తమ భాగానికి పైన ఇంకో వరసలో ఆ సమయంలో ఏ వాయిద్యం వినబడుతుందో కూడా రాయాలి. ‘ట్రంపెట్ వచ్చింది, ఇంకో రెండు బార్లు’ అన్న చిన్న గుర్తు ఎంతోమందిని ఆదుకుంటుంది. టెనార్ భాగం రాసినదానికంటే ఒక స్థాయి కింద మోగుతుందని హార్మోనియం వాయించేవారికి ముందే చెప్పండి. లేకపోతే పై స్థాయిలో వాయించి, టెనార్లు ‘ఇది మా వల్ల కాదు’ అనుకునేలా చేస్తారు.

కాగితం 100 జీఎస్ఎం తీసుకోండి. మామూలు 70 జీఎస్ఎం కాగితం పలుచన, తిప్పినప్పుడు రెపరెపలాడుతుంది. ప్లాస్టిక్ కవర్లు అసలు వద్దు. లైటు పడి మెరుస్తాయి, చప్పుడు చేస్తాయి. 72 ప్రతులకు 6 అదనం. నల్ల ఫైలు, అందరికీ ఒకే రకం, ఎడమ చేతిలో ఛాతీ ఎత్తున. పేజీ మారే చోటును ఒక బార్ ముందుకు జరిపి గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే అందరి కళ్ళూ సరిగ్గా కొత్త ఎత్తుగడ దగ్గర కాగితంలో ఉంటాయి.

వారాల లెక్క

మొదటి ఐదు వారాలు నాలుగు భాగాలూ వేర్వేరు గదుల్లో సాధన చేయాలి. ప్రతి భాగానికీ ఫోనులో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. ఎడమ చెవిలో వాళ్ళ భాగం, కుడి చెవిలో మిగతా మూడు భాగాలు వచ్చేలా చేస్తే, ముందు ఎడమది విని నేర్చుకుని, తరవాత దాన్ని తీసేసి కుడిదానితో పాడొచ్చు. ఆరు, ఏడు వారాల్లో జంటలు: సోప్రానోతో బేస్, ఆల్టోతో టెనార్. నాలుగూ ఒకేసారి కలిపేస్తే ఆల్టోలు సోప్రానో వరసలోకి జారిపోతారు, రెండు వారాలు ఆగితే ఆ బాధ ఉండదు. ఎనిమిదో వారం అందరూ కలవాలి.

తొమ్మిదో వారం నుంచి కీబోర్డు మానేయాలి. ఇది అందరికీ కోపం తెప్పించే దశ, కానీ తప్పదు. మొదటి స్వరం ఇచ్చి వదిలేయండి, చివర మళ్ళీ సరిచూడండి. 46 బార్ల మొజార్ట్ పాట చివరికి క్వయర్ అర స్వరం దిగిపోయి ఉంటుంది. దిగిన చోటు వెతకండి. చాలాసార్లు అది ఒకే స్వరం చాలాసేపు పాడే ఆల్టోల దగ్గరో, పైకి వేసే అడుగు చిన్నదిగా వేసే టెనార్ల దగ్గరో ఉంటుంది. ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ వస్తే ప్రతిసారీ వెంట్రుకవాసి పైకే అన్నట్టు ఊహించుకోమని చెప్పండి. సరిగ్గా అక్కడే నిలుస్తుంది.

పది నుంచి పదమూడో వారం దాకా కండక్టర్ చేతితో సాధన. చివరి వారం ఆర్కెస్ట్రాతో.

చేతిని చదవడం

ఆది తాళం తొడ మీద పడితే శబ్దం వస్తుంది. ఆ శబ్దంతోనే మనం కలుస్తాం. కండక్టర్ చెయ్యి నిశ్శబ్దం. నాలుగు లెక్కల బార్‌లో చెయ్యి కిందికి, ఆయన ఎడమకు, కుడికి, పైకి వెళ్తుంది. మన వైపు నుంచి చూస్తే ఎడమ కుడి తారుమారవుతాయి, అందుకే సాధన చేయించేవారు గాయకులకు ఎదురుగా నిలబడి చూపించాలి. నాలుగో లెక్క పైకి లేవడమే ఊపిరి. ఆ చెయ్యి లేస్తుండగా ఊపిరి తీసుకుని, అది కిందికి వచ్చి తగిలిన క్షణంలో అచ్చు పలకాలి. తాళానికి ముందే ఎత్తుకునే చోట్లను మన వాళ్ళకు అతీత ఎత్తుగడ అని చెబితే వెంటనే అందుకుంటారు.

శబ్దం కోసం ఎందుకు ఆగకూడదో లెక్క వేసి చూపించండి. క్వయర్ వెనక వరసకూ ముందున్న వయొలిన్లకూ మధ్య 12 మీటర్లుంటే, శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఆ దూరం దాటడానికి 35 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వయొలిన్ విని మీరు పాడితే, మీ గొంతు తిరిగి కండక్టర్ దగ్గరికి చేరడానికి ఇంకో 35. ఆయనకు మీరు 70 మిల్లీసెకన్లు ఆలస్యం. నిమిషానికి 120 లెక్కల వేగంలో ఒక లెక్క 500 మిల్లీసెకన్లు, దాంట్లో నాలుగో వంతు 125. అంటే చిన్న స్వరంలో సగానికి పైగా వెనకబడ్డారు. ‘క్వయర్ లాగుతోంది’ అని కండక్టర్లు చెప్పే మాట చాలాసార్లు ఇదే. గాయకులు బద్ధకించలేదు, శ్రద్ధగా విన్నారు. వినడమే ఇక్కడ తప్పయింది.

సాధనకు మూడు పద్ధతులు పనిచేస్తాయి. కండక్టర్‌ను ఫోనులో తన చెయ్యి 4 నిమిషాలు వీడియో తీసి పంపమనండి, పెద్ద టీవీలో శబ్దం లేకుండా వేసి దానికి పాడించండి. పాటలో వేగం చెప్పకుండా మార్చి, ఎవరు కాగితంలో ఉన్నారో ఎవరు చేతిలో ఉన్నారో చూడండి. ఆఖరుకు, చెవులకు దూది పెట్టించి ఒక పేజీ పాడించండి. మొదటిసారి అల్లకల్లోలం, మూడోసారికి అందరి కళ్ళూ పైకి లేస్తాయి.

ఖాళీ బార్లు లెక్కపెట్టడం వేరే నేర్పాలి. ఒకటి-రెండు-మూడు-నాలుగు, రెండు-రెండు-మూడు-నాలుగు, మూడు-రెండు-మూడు-నాలుగు... ఇలా మొదటి అంకె బార్ నంబరుగా మారుతూ పోతుంది. హాలెలూయాలో ఆర్కెస్ట్రా మూడు బార్లు వాయించాక క్వయర్ ఎత్తుకుంటుంది, మొజార్ట్‌లో రెండు బార్ల తరవాత. ఒక్కో భాగంలో ఇద్దరిని లెక్కకు బాధ్యులుగా పెట్టండి, మిగతావాళ్ళు వాళ్ళ ఊపిరిని చూస్తారు.

ఇక హాలెలూయా చివరి మౌనం. వరస హాలెలూయాల తరవాత, ఆఖరి నెమ్మది హాలెలూయాకు ముందు అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. ఊపులో ఉన్న ఒక్క గొంతు ఆ మౌనంలోకి దూసుకొస్తే హాలంతా వింటుంది. ఆ చోట ప్రతి కాగితం మీదా ఎర్ర పెన్సిలుతో గడి గీయించి, ‘కళ్ళు పైకి’ అని రాయించండి. రోజూ సాధన ముగించేటప్పుడు ఆ నాలుగు బార్లు ఆగే నిడివి మారుస్తూ పాడించండి. అలవాటైన నిడివి అంటూ ఒకటి ఏర్పడకూడదు.

శ్రుతి సరిచూసుకోవడం

పాత హార్మోనియాల్లో ఎ స్వరం ఆర్కెస్ట్రాల మామూలు కొలత 440 హెర్ట్జ్‌కి కచ్చితంగా ఉండదు. ట్యూనర్ యాప్‌తో చూడండి. తేడా ఉంటే దాన్ని పక్కన పెట్టి కీబోర్డు వాడండి. కొన్ని ఆర్కెస్ట్రాలు 442కి శ్రుతి చేసుకుంటాయి. తేడా 8 సెంట్లకు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) కాస్త తక్కువ. చిన్నదే అయినా 14 వారాలు 440లో నానిన చెవికి అది తెలుస్తుంది. ముందే అడిగి, చివరి నెల కీబోర్డును వాళ్ళ అంకెకే పెట్టుకోండి.

తంబురాతో సాధన చేసినవాళ్ళ అంతర గాంధారం కీబోర్డు గాంధారం కంటే సుమారు 14 సెంట్లు కిందుంటుంది. తంబురాకు అదే ఇంపు. ఆర్కెస్ట్రాలో కూడా వయొలిన్లు, క్వయర్ మాత్రమే ఉన్నచోట ఆ కింది గాంధారమే తియ్యగా మోగుతుంది. ఆర్గన్ లేదా కీబోర్డు మోగుతున్నచోట మాత్రం దానికి కట్టుబడాలి. ఈ తేడా సంగీత కళాశాల విద్యార్థులకే త్వరగా అందుతుంది, వాళ్ళను ఒక్కో వరసలో ఇద్దరి చొప్పున సర్దండి.

హాలు వేడి సంగతి మరవద్దు. వేడెక్కితే ఓబో, ట్రంపెట్ లాంటి ఊదే వాయిద్యాల శ్రుతి డిగ్రీకి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది, తీగలు సాగి వయొలిన్ల శ్రుతి దిగుతుంది. రెండూ చెరో వైపు పోతే క్వయర్‌కు నిలబడే చోటుండదు. ఏసీ ప్రదర్శనకు 3 గంటల ముందే వేయించి, 23, 24 డిగ్రీల దగ్గర చివరిదాకా మార్చకుండా ఉంచాలి. జనం రాగానే కరెంటు ఆదా అని ఆపేస్తారు. మీ మనిషి ఒకరు ఆ స్విచ్‌ల దగ్గర ఉండాలి.

మాట

తెలుగు అజంత భాష కావడం పాటకు వరం. ఆ వరమే ఇంగ్లిషు పాడేటప్పుడు అడ్డొస్తుంది: కింగ్ కాస్తా ‘కింగు’, లార్డ్ ‘లార్డు’ అవుతాయి. చివరి హల్లును కండక్టర్ ఆపే చేతితో కలిపి, ఉకారం లేకుండా పలికించండి. లాటిన్ మనకు సులువు, రాసినట్టే పలుకుతాం: ‘కోర్పుస్’ అని, ‘కార్పస్’ అని కాదు. పదం ముందున్న హల్లు లెక్కకు ఒక్క క్షణం ముందే పడాలి, అచ్చు లెక్క మీద పడాలి.

తెలుగు సాహిత్యాన్ని పాశ్చాత్య కూర్పులో పెడితే హ్రస్వాల మీద కన్నేసి ఉంచండి. ‘కల’ మీద పొడుగు స్వరం పడితే ‘కాల’ అవుతుంది, ‘మది’ కాస్తా ‘మాది’ అవుతుంది. స్వరకర్తతో మాట్లాడి ఆ చోట పదాన్నో స్వరాన్నో మార్పించుకోవాలి. ‘అమ్మ’ లాంటి ద్విత్వాల్లో పెదవులు మూసే క్షణం అందరికీ ఒకటే కాకపోతే 72 మంది ‘మ్’ వరసగా చినుకుల్లా పడతాయి.

వేదిక

హాలు మాట్లాడే రోజే కొలత టేపు వెంట తీసుకెళ్ళండి. తుమ్మలపల్లి కళాక్షేత్రమైనా, గుంటూరులో శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరమైనా, కాలేజీ ఆడిటోరియమైనా, తెరలు, పక్క గోడలు పోను మిగిలిన అసలు చోటే లెక్క. 31 మంది ఆర్కెస్ట్రాకు మనిషికి 20 చదరపు అడుగుల పైన పట్టి సుమారు 700 చదరపు అడుగులు, అంటే 36 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు. దాని వెనక క్వయర్: వరసకు 18 మంది, నాలుగు వరసలు, మనిషికి 22 అంగుళాలు, వెడల్పు 33 అడుగులు. నిలబడే మెట్టు లోతు 18 అంగుళాలు చొప్పున మొత్తం 6 అడుగులు. కుర్చీలు వేస్తే వరసకు 3 అడుగులు, మొత్తం 12. చోటు చాలకపోతే ఆర్కెస్ట్రాను కుదించాలి తప్ప గాయకులను భుజం భుజం ఒరిసేలా నిలబెట్టకండి, ఊపిరి ఆడదు.

మెట్టుకు 8 అంగుళాల ఎత్తు. టెంట్ హౌస్ చెక్కలు కిర్రుమంటాయి, అంతకంటే ముఖ్యంగా ఊగుతాయి. ముందురోజే పదిమందిని ఎక్కించి చూడండి, కాళ్ళ కింద గోనెపట్టాలు మడిచి పెట్టించండి, వెనక వరసకు నడుమెత్తు కమ్మీ తప్పనిసరి. మగవాళ్ళు తక్కువగా ఉంటే వాళ్ళను మధ్యలో ముందుకు తీసుకురండి. ట్రంపెట్ల నోళ్ళు నేరుగా ఆల్టోల వైపో ప్రేక్షకుల వైపో పెట్టకుండా కాస్త పక్కకు తిప్పమని అడగండి, అది వాళ్ళకు మామూలే. కుర్చీలు లేకుండా 25 నిమిషాలకు మించి నిలబెట్టవద్దు. మోకాళ్ళు బిగించి నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరిగి పడిపోతారు. మోకాళ్ళు వదులుగా, బరువు మార్చుతూ నిలబడటం సాధనలోనే అలవాటు చేయాలి.

వాయిద్యకారులు చెన్నై నుంచో, బెంగళూరు నుంచో, హైదరాబాద్ నుంచో వస్తున్నట్టయితే టింపనీ, డబుల్ బేస్‌లు రైల్లో రావు. వాటికి మూసిన వ్యాను మాట్లాడి, ముందురోజు మధ్యాహ్నానికే దించేలా చూడండి. రాత్రంతా హాల్లో ఉంటే అక్కడి గాలికి సర్దుకుంటాయి. చేతుల్లేని కుర్చీలు 31, చదునైన సీటుతో. వెనక్కి వాలే ఫంక్షన్ హాలు ప్లాస్టిక్ కుర్చీల్లో చెల్లో వాయించలేరు. స్టాండ్లు వాళ్ళు తెస్తారా మీరు తేవాలా ముందే తేల్చుకోండి.

మైకులు

వెయ్యి మంది లోపు పట్టే మంచి హాల్లో ఆర్కెస్ట్రాకు మైకులు అక్కర్లేదు. క్వయర్‌కు నాలుగు కండెన్సర్ మైకులు చాలు, ముందు వరసకు రెండు మూడు అడుగుల ముందు, తలలకు రెండడుగుల పైన, వెనక వరస వైపు చూస్తూ. రెండు మైకుల మధ్య దూరం మైకుకూ గాయకులకూ మధ్య దూరానికి మూడింతల కంటే తగ్గకూడదు. తగ్గితే ఒకే గొంతు రెండింట్లో పడి డొల్లగా వినబడుతుంది. మిక్సర్‌లో 48 వోల్టుల సరఫరా ఉందో లేదో అడగండి, లేకపోతే ఈ మైకులు పలకవు.

సౌండ్ అతనితో ముందే కూర్చుని మాట్లాడండి. ఎకో వద్దు అని ఒకటికి రెండుసార్లు చెప్పాలి, మనవాళ్ళకు పాట అనగానే ఎకో పెంచడం అలవాటు. బాక్సులు మైకులకు ముందుండాలి, వెనకుంటే కూత పెడుతుంది. పెడస్టల్ ఫ్యాన్లు వేదిక మీద వద్దు. గాజులు! కండెన్సర్ మైకు గాజుల గలగలను పాటకంటే స్పష్టంగా పట్టుకుంటుంది. మట్టిగాజులు ఆ రెండు గంటలు తీయడానికి ఇష్టపడనివాళ్ళుంటే, మోచేతి వైపు పైకి జరిపి గుడ్డ రిబ్బనుతో కట్టుకోమనండి, బలవంతం చేయవద్దు. పట్టుచీరలు కూర్చునిలేచేటప్పుడు చప్పుడు చేస్తాయి, గంజిపెట్టని నూలు చీరలు మేలు. బహిరంగ మైదానంలో అయితే లౌడ్ స్పీకర్లకు పోలీసు అనుమతి కావాలి, రాత్రి 10 దాటాక వాడకూడదు.

ఆర్కెస్ట్రాతో కలిసే రోజులు

మామూలుగా క్వయర్‌కు దక్కేది ఒక రిహార్సల్, ప్రదర్శన రోజు ఒక చివరి సాధన. మూడు గంటల రిహార్సల్‌లో మీ వంతు గంటన్నర. మీ క్వయర్ మాస్టర్ అప్పటిదాకా అన్నీ తానే అయినా, ఆ రోజు నుంచి చెయ్యి కండక్టర్‌దే. మాస్టర్ హాలు మధ్యలో కూర్చుని తూకం వినాలి. ఏం చెప్పాలన్నా ఆయన ఒక్కరే విరామంలో కండక్టర్‌కు చెప్పాలి. వరసల్లోంచి ఎవరూ ప్రశ్నలు అడగకూడదు. అందరి దగ్గరా పెన్సిలు ఉండాలి, పెన్ను కాదు, నిర్ణయాలు మారుతాయి.

మొదటిసారి ఆర్కెస్ట్రా మోగగానే క్వయర్‌కు తన గొంతు వినబడదు. భయంతో అరవడం మొదలుపెడతారు, పది నిమిషాల్లో గొంతు పోతుంది, శ్రుతి ఎక్కుతుంది. ముందే చెప్పండి: వినబడకపోవడం మామూలే, సాధనలో పాడినంతే పాడాలి. క్వయర్ అణిగిపోతే వాయిద్యాలను తగ్గించుకోవడం కండక్టర్ పని. మీ చేతిలో ఉన్నది హల్లులు. వాటిని పదును పెడితే గొంతు పెంచకుండానే మాట ముందుకొస్తుంది.

వేదిక మీదికి రావడం, కూర్చోవడం, లేవడం కూడా రిహార్సల్ చేయాలి. ఒక్క పక్క తలుపు గుండా 72 మంది రావడానికి 3, 4 నిమిషాలు పడుతుంది. ఎదుటి అంచు నుంచి వరస నింపుకుంటూ రావాలి, నేల మీద నంబరు చీటీలు అంటించాలి. లేచే గుర్తు కండక్టర్‌తో ఖాయం చేసుకుని, మొదటి వరసలో మధ్యనున్నవారు లేస్తే అందరూ లేవాలి.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం సాధనలో సగం గొంతే వాడించండి. పై స్వరాలు ఒక స్థాయి కింద పాడినా ఫరవాలేదు. భోజనం రెండు గంటల ముందు ముగించాలి. ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు వద్దు. కడుపులో మంట గొంతు దాకా ఎగదన్నితే ఆ పలుచని పై గొంతు పనిచేయదు. మామూలు నీళ్ళు ఉదయం నుంచే కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి, వేదిక ఎక్కే ముందు గటగటా తాగితే లాభం లేదు. స్టాండు లైట్లకు బ్యాటరీవి తీసుకోండి. జనరేటర్ అందుకునే ఆ పది సెకన్లలో ఆర్కెస్ట్రా వాయిస్తూనే ఉంటుంది.

పాట అయిపోయాక కండక్టర్ చెయ్యి పూర్తిగా కిందికి దిగేవరకూ ఫైలు దించకూడదు, ఊపిరి వదిలి కదలకూడదు. ఆ తరవాతే చప్పట్లకు తల వంచడం. గాయకులు వేదిక దిగేలోపు కాగితాలు వరసల వారీగా వెనక్కి తీసుకుని లెక్కపెట్టండి. అద్దెకు తెచ్చిన ప్రతులైతే పెన్సిలు గుర్తులన్నీ రబ్బరుతో చెరిపి, నంబరు ప్రకారం పేర్చి పంపాలి. చెరిపే ముందు ఒక పూర్తి ప్రతిని అన్ని గుర్తులతో ఫోటో తీసి దాచుకోండి, వచ్చే ఏడాది సాధన అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.